ఈస్టర్ గుడ్లకు ఇంటి రంగులు: మచ్చలు పడకుండా, పగలకుండా, ఎండకు పాడవకుండా ఎలా?

సండేస్కూల్_టీచర్
అందరికీ వందనాలు. ఈసారి ఈస్టర్ ఏప్రిల్ 5న. పిల్లలు 60 మంది, అంటే సరిగ్గా రెండు అట్టల గుడ్లు. ఉడకబెట్టి రంగులేసి, పొద్దుటి ఆరాధన అయ్యాక తలా ఒకటి ఇవ్వాలి. పొడి రంగుతో ఆరు గుడ్లు వేసి చూశాను. ఎరుపు మచ్చలు మచ్చలుగా వచ్చింది, నీలం అంటుకోనే లేదు, ఒకటి ఉడుకుతుండగానే పగిలింది. ఫ్రిజ్‌లోంచి తీసినవి చేతికి రంగు అంటించాయి. ఎక్కడ తప్పు? వంటింటి సరుకులతో రంగులు వస్తాయంటారు, నిజంగా వస్తాయా? గుడ్లు కాక పిల్లలతో చేయించే పనులేమైనా ఉన్నా చెప్పండి.

కోళ్ళఫారం
ముందు గుడ్డు సంగతి చూద్దామండి, రంగు తరవాత.

పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. దాని మీద కంటికి కనపడని పలచటి మాంసకృత్తుల పొర ఒకటుంటుంది. రంగు పట్టుకునేది ఆ పొరనే. అది ఎక్కడ చెరిగిపోతే అక్కడ రంగు వేరేగా పడుతుంది. రెట్ట మరక పోవాలని గిన్నెలు తోమే పీచుతో రుద్దారనుకోండి, రుద్దిన చోటల్లా మచ్చ తేలుతుంది. మరకలున్న గుడ్లు కొనేటప్పుడే పక్కన పెట్టించండి. కొట్టువాళ్ళు ఏమీ అనుకోరు. తప్పకపోతే తడిగుడ్డతో ఒత్తి తీయండి, రుద్దొద్దు.

రెండోది చేతి జిడ్డు. తలకు నూనె రాసుకున్న చేత్తో పట్టుకుంటే వేలిముద్రలు తెల్లగా తేలతాయి. మీ ఎరుపు మచ్చల్లో సగం అవే అయ్యుంటాయి. రంగులో వేయబోయే ముందు వెనిగర్‌లో ముంచి పిండిన గుడ్డతో ఒక్కసారి తుడవండి.

పగలడానికి కారణం ఫ్రిజ్ గుడ్డు మరిగే నీళ్ళలో పడటం. లావు వైపున గాలి గది ఉంటుంది. ఆ గాలి ఒక్కసారిగా వేడెక్కి సాగుతుంది, బయటకి పోయే దారి ఉండదు. గుడ్లు గంట ముందే బయట పెట్టి, చన్నీళ్ళతోనే పొయ్యెక్కించండి. గిన్నెలో ఒకే వరస, పైన రెండు వేళ్ళ మందం నీళ్ళు. మరుగు రాగానే సెగ తగ్గించి 10 నిమిషాలు. వెంటనే చన్నీళ్ళలో వేయాలి. ఎక్కువసేపు ఉడికితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం కడుతుంది. సొనలోని ఇనుము, గంధకం కలిస్తే వచ్చేది అది. తింటే ఏమీ కాదుగానీ పిల్లలు ముఖం తిప్పుకుంటారు.

నాటు కోడి గుడ్డు చిన్నది, 8–9 నిమిషాలు చాలు. బాతు గుడ్డుకి 14 దాకా పడుతుంది. పైన మైనంలాంటి జిడ్డు కూడా ఎక్కువ, రంగు సమంగా పట్టదు. పిల్లల పనికి బాతు గుడ్లు వద్దు.

తెల్లసొన
గిన్నెల గుడ్లు ఒకదానికొకటి తగిలి పగులుతుంటే ఇడ్లీ పాత్రల పెట్టుండ్రి. గుంటల కూసుంటయి, కదలవు. ఆవిరి మీద 12 నిమిషాలు. పళ్ళెం మీద పళ్ళెం పెడితె గుడ్డు ఎత్తుకు పట్టదు, నడుమ పళ్ళెం ఒకటి తీసెయ్యాలె. ఆవిరికి ఉడికినయి పెంకు కూడ సాఫ్‌గ ఊడుతయి.

సండేస్కూల్_టీచర్
ఉడికే నీళ్ళలోనే వెనిగర్ పోసేస్తే పగలవంటారు కదా, ఒకే పనిలో రెండూ అయిపోవూ?

చెంచా_లెక్క
అవ్వవు. వెనిగర్ పోస్తే పగలకుండా ఆగదు. పగిలిన చోట తెల్లసొన గబుక్కున గడ్డకట్టి బయటికి కారకుండా ఉంటుందంతే. ఈలోపు ఆ పులుపు పెంకు పైపొరను పది నిమిషాలు తినేస్తుంది. తీశాక పెంకు గరుగ్గా, సుద్ద రాసినట్టు తెల్లగా ఉంటుంది. రంగు వేసే గుడ్లకు ఉడికే నీళ్ళలో వెనిగర్ వద్దు. రంగు నీళ్ళలోనే వేయాలి.

కోళ్ళఫారం
చెంచా గారూ, ఒక చెంచా పోస్తే అంత ఘోరమేం జరగదండి.

చెంచా_లెక్క
ఒక చెంచాకి జరగదు, ఒప్పుకుంటా. కానీ మనవాళ్ళు చెంచాతో కొలుస్తారా, సీసా వంచుతారా?

సరే, కొలతలు.

పొడి రంగుకి: ఒక గాజు గ్లాసులో 120 మి.లీ. మరిగిన నీళ్ళు, పావు టీ స్పూను పొడి, ఒక టీ స్పూను వెనిగర్. మన కొట్లలో దొరికేది 4 శాతం వెనిగర్, ఇది ఆ లెక్కే. ద్రవ రంగయితే 15–20 చుక్కలు. పొడిని ముందు రెండు చెంచాల వేడినీళ్ళలో రంగరించి, పలచటి గుడ్డలో వడకట్టి అప్పుడు గ్లాసులో పోయండి. కరగని రవ్వ ఒక్కటి గుడ్డు మీద కూర్చుంటే అక్కడ ముదురు చుక్క పడి, పక్కన తోకలా చార సాగుతుంది. కేకుల మీద వాడే జెల్ రంగుని కూడా ఇలాగే ముందు కరిగించాలి.

వెనిగర్ ఎందుకంటే, పులుపు తగిలితేనే పైపొరలోని మాంసకృత్తు రంగును పట్టుకుంటుంది. వెనిగర్ లేకుండా వేస్తే రంగు పైపైన నిలబడి, కడిగితే పోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు చేతికి అంటింది అందుకే కావచ్చు. నీలం పట్టకపోవడానికీ ఇదే కారణం అనుకుంటున్నా. పైగా నీలం నిదానస్థురాలు. పసుపు 3 నిమిషాల్లో తేలితే నీలానికి 8–10 ఇవ్వాలి.

గుడ్డు వేయగానే సన్నటి బుడగలు లేస్తాయి, పెంకులోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ అది. బుడగ అంటుకుని నిలిచిన చోట రంగు చేరదు, గుండ్రటి తెల్ల చుక్క మిగులుతుంది. అందుకే అరనిమిషానికోసారి చెంచాతో తిప్పాలి. నురగలా పొంగుతుంటే వెనిగర్ ఎక్కువైనట్టే, ఇంకో 50 మి.లీ. నీళ్ళు కలపండి.

ఒక గ్లాసు రంగు పదీ పన్నెండు గుడ్లకు వస్తుంది. ఆ తరవాత లేతబడితే పొడి వేయకండి, అర చెంచా వెనిగర్ వేయండి. చాలాసార్లు అయిపోయింది రంగు కాదు, పులుపు. పెంకులు తాగేస్తాయి దాన్ని.

నిమ్మరసం వాడొచ్చు, కొలత అంతే, బుడగలు కాస్త ఎక్కువొస్తాయి. చింతపండు వద్దు, దానికే ఒక రంగుంది.

తెల్లసొన
ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరున్న తినే రంగే కొనుండ్రి. హోలీ రంగు, బట్టల రంగు వద్దంటె వద్దు. పెంకుకు సన్నటి రంధ్రాలు వేలల్ల ఉంటయి, లోపల తెల్లసొన మీదికి రంగు దిగుతది. వలిచి చూడుండ్రి, మీకే కనవడ్తది.

ఉల్లిపొట్టు
వంటింటి రంగుల గురించి అడిగారు కాబట్టి నా పేరుకు న్యాయం చేస్తాను.

నాలుగే నికరంగా పనిచేస్తాయి: ఉల్లిపొట్టు, పసుపు, ఊదా క్యాబేజీ, శంఖుపూలు. పాలకూరతో ఆకుపచ్చ వస్తుందనీ, క్యారెట్‌తో నారింజ వస్తుందనీ రాసేవాళ్ళు గుడ్డు మీద వేసి చూసి రాయరు.

ఉల్లిపొట్టు అన్నిటికన్నా నమ్మకమైనది. ఆర్మేనియా నుంచి లాత్వియా దాకా ఈస్టర్‌కి ఇదే వాడతారు. ఎండు పొట్టు రెండు లీటర్ల గిన్నెలో కుక్కి నింపితే, దానికి లీటరున్నర నీళ్ళు. అరగంట సన్నసెగ మీద మరిగించి, వడకట్టి, చల్లార్చి, 4 పెద్ద స్పూన్ల వెనిగర్. తెల్ల గుడ్డు పావుగంటకి లేత నారింజ, ముప్పావు గంటకి కావి రంగు, ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచితే ముదురు ఇటుక రంగు. పొట్టు కోసం ఉల్లిపాయలు కొనక్కర్లేదు. రైతు బజారులో ఉల్లి రాశి అడుగున సంచెడు ఊరికే ఇస్తారు. మట్టి ఉంటుంది, ఒకసారి జాడించండి, నానబెట్టకండి. నానితే రంగు ఆ నీళ్ళలోనే పోతుంది.

పసుపు: అరలీటరు నీళ్ళకు 3 పెద్ద స్పూన్లు, 15 నిమిషాలు మరిగించాలి. పసుపులో రంగునిచ్చేది నీళ్ళలో సరిగ్గా కరగదు, పొడి తేలుతూనే ఉంటుంది. అందుకని పావుగంట కదపకుండా ఉంచి, పై తేట మాత్రం మల్లు గుడ్డలో వడకట్టుకోండి. అడుగు మడ్డి గుడ్డుకి తగిలిందా, పొడలు పొడలుగా అవుతుంది. ఒక పెద్ద స్పూను వెనిగర్, గుడ్లు అరగంట. కిటికీ దగ్గర పెట్టకండి. బట్టకంటిన పసుపుని ఎండ ఎలా లాగేస్తుందో గుడ్డుదీ అలాగే లాగేస్తుంది.

ఊదా క్యాబేజీ: అర కిలో సన్నగా తరిగి లీటరు నీళ్ళలో అరగంట ఉడకనిచ్చి వడకట్టాలి. గ్లాసు నీళ్ళకు ఒక పెద్ద స్పూను వెనిగర్. వెనిగర్ పడగానే నీళ్ళు గులాబీ రంగుకి తిరుగుతాయి. చూసి కంగారు పడి పారబోయకండి. గుడ్డు మాత్రం నీలంగానే వస్తుంది. పెంకు సున్నపు గుణం కలది, అంటుకున్న చోట పులుపుని చంపేస్తుంది. పులుపు పోతే క్యాబేజీ రంగు నీలానికి తిరుగుతుంది. రెండు గంటలకు ఆకాశ నీలం, ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచితే ముదురు నీలం. బ్రౌన్ గుడ్డయితే పాచి ఆకుపచ్చ.

శంఖుపూలు: ఎండువి 20–25, పావు లీటరు వేడినీళ్ళు, ఒక టీ స్పూను వెనిగర్. దీని తీరూ క్యాబేజీదే, వాసన మాత్రం ఉండదు. పెరట్లో తీగ ఉన్నవాళ్ళు క్యాబేజీ జోలికి పోనక్కర్లేదు.

ఆకుపచ్చ కావాలంటే పసుపులో అరగంట, ఆరబెట్టి, నీలంలో 10 నిమిషాలు. ముందు నీలం వేసి తరవాత పసుపులో ముంచితే బురద రంగు వస్తుంది.

ఇంకొకటి, ఇది మన పారాణి కిటుకే. పసుపు వేసి బాగా ఆరిన గుడ్డు మీద పుల్లకి దూది చుట్టి సున్నపు తేటతో గీత గీయండి. గీసినంతమేరా ఎర్రబడుతుంది. తినే గుడ్డయితే సున్నం బదులు అర చెంచా నీళ్ళలో చిటికెడు వంటసోడా, ఎరుపు కాస్త తక్కువగా నారింజలో వస్తుంది. ఆరాక రెండూ కొంచెం గోధుమ వైపు తిరుగుతాయి.

సండేస్కూల్_టీచర్
బీట్‌రూట్ మాటే ఎత్తలేదు?

ఉల్లిపొట్టు
కావాలనే ఎత్తలేదు. గిన్నెలో చూస్తే రక్తంలా ఉంటుంది, గుడ్డు మీద వాడిన గులాబీ. వేడి తగిలిందంటే ఆ ఎరుపు విరిగి గోధుమ రంగవుతుంది, దుంపతో పాటు గుడ్లు ఉడికించేవాళ్ళకి జరిగేది అదే. పచ్చి దుంప తురిమి పిండిన రసంలో వెనిగర్ వేసి, చల్లగా, ఫ్రిజ్‌లో ఆరేడు గంటలు ఉంచితే లేత గులాబీ వస్తుంది. రెండు మూడు రోజుల్లో వెలుస్తుంది. గులాబీ, ఎరుపు కావాలంటే ఆ ఒక్కదానికి కొన్న రంగే వాడుకోండి.

చెంచా_లెక్క
ఎరుపు మాటొచ్చింది కాబట్టి: గ్రీసులో పవిత్ర గురువారం నాడు గుడ్లన్నిటికీ ఒకే రంగు, ఎరుపు. ఈస్టర్ నాడు ఇద్దరు చెరొకటి పట్టుకుని మొనకి మొన కొట్టుకుంటారు, పగలని వాడిది గెలుపు. 60 మంది పిల్లలకి ఇంతకన్నా ఖర్చులేని ఆట లేదు.

మొవ్వాకు
ఉల్లిపొట్టు గారి కావి రంగు మీద ఆకు అచ్చు వేస్తే ఎంత బాగుంటుందో. కొత్తిమీర, మునగాకు, చింతచిగురు, క్యారెట్ ఆకు, ఏదైనా సరే పలచగా, చదునుగా ఉండాలి. కరివేపాకు వద్దు, దాని ఈనె బిరుసు, అంచులు లేస్తాయి.

ఆకుని తడిపి గుడ్డు మీద పరచండి. గోటితో ఒక్కో రెమ్మా విడదీసి అద్దండి. అంటుకోకపోతే తెల్లసొన బొట్టు రాయండి. పాత నైలాన్ మేజోడుని జానెడు ముక్క కత్తిరించి, గుడ్డుని అందులో దూర్చి, ఆకు లేని వైపుకి లాగి, మెలితిప్పి దారంతో బిగించండి. ఇక్కడే పని చెడేది. మేజోడు మీద వేలు రాస్తే కిందున్న ఆకు కదలకూడదు. కదిలిందంటే ఆ సందులోకి రంగు దిగి, ఆకు స్థానంలో మబ్బు మరక మిగులుతుంది. రంగులోంచి తీశాక మేజోడు విప్పకుండా పది నిమిషాలు ఆరనిచ్చి అప్పుడు కత్తిరించాలి. మునగాకు అచ్చయితే చిన్న చిన్న తెల్ల చుక్కలు వరసగా, ఈనె సన్నటి గీతలా వస్తుంది.

తెల్లసొన
చిన్న పిల్లలకు ఇంత ఓపిక ఉండదు. వాళ్ళకు నూకల పద్ధతి. మూత గట్టిగున్న డబ్బాల గుప్పెడు నూకలు, ఐదారు చుక్కల రంగు, అర చెంచా వెనిగర్. కలిపి గుడ్డు వేసి 20 లెక్క పెట్టేదాక నిమ్మళంగ ఊపాలె. చుక్కల చుక్కల గుడ్డు, చేతికి రంగు అంటదు. రంగు మారిస్తె నూకలు గూడ మార్చాలె. మంచి బియ్యం దండగ చెయ్యకుండ్రి.

మైనం క్రేయాన్‌తోని పేరు రాసి రంగుల వేసినా మంచిగుంటది. గుడ్డు వేడి మీద ఉన్నప్పుడు రాస్తె మైనం కరిగి అక్షరం లావైతది, పూర్తిగ చల్లారినంక రాయాలె.

చెంచా_లెక్క
ఆరబెట్టేది ఎక్కడో ఎవరూ చెప్పలేదు. అట్టలో పెడితే అడుగున గుండ్రంగా రంగు చెరుగుతుంది. థర్మాకోల్ ముక్కలో మూడేసి గుండుసూదులు, ఒకదానికొకటి అంగుళం దూరంలో గుచ్చండి. గుడ్డు మూడు తలల మీద నిలబడుతుంది. మచ్చ పడదు.

రైన్‌నది
జర్మనీ నుంచి. ఇక్కడ తినే గుడ్ల కన్నా కొమ్మలకు కట్టే గుడ్ల హడావుడి ఎక్కువ. సాల్ఫెల్డ్ అనే ఊళ్ళో ఒక ఇంటి పెరట్లో ఆపిల్ చెట్టుకి 1965లో కట్టడం మొదలుపెట్టి పది వేల గుడ్లదాకా వెళ్ళారు, 2015తో ఆపేశారు. మనకి పది చాలు. ఎండిన సరుగుడు కొమ్మ ఒకటి కుండీలో ఇసుక పోసి నిలబెట్టండి.

కట్టే గుడ్డు లోపల ఖాళీ చేయాలి. పచ్చి గుడ్డు, గది వేడిమిలో ఉన్నది. కొనదేలిన వైపు గుండుసూదితో చిన్న చిల్లి. లావు వైపు దబ్బనం మొనని వేళ్ళ మధ్య తిప్పుతూ మూడు నాలుగు మి.మీ. చిల్లి. పొడవకండి, తిప్పండి. పొడిస్తే నెర్రె పాకుతుంది. చిల్లి వేసే చోట ముందుగా సెల్లోటేప్ ముక్క అంటిస్తే ఇంకా నయం. పుల్ల పెట్టి లోపల పచ్చసొన సంచి చింపి కలియబెట్టండి. అది చినగకపోతే చిల్లికి అడ్డం పడి ఏమీ రాదు.

నోటితో ఊదొద్దు. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా ఉండొచ్చు. మందుల షాపులో 10 మి.లీ. సిరంజీ కొని, పై చిల్లిలోంచి గాలి నెమ్మదిగా తొయ్యండి, కింద గిన్నెలోకి దిగిపోతుంది. గట్టిగా నొక్కితే పెంకు పగులుతుంది. తరవాత అదే సిరంజీతో సబ్బునీళ్ళు, ఆపైన రెండుసార్లు మంచినీళ్ళు పంపి ఆడించి వంచేయండి. పెద్ద చిల్లి కిందికుండేలా రెండు రోజులు ఆరాలి. లోపల తడి మిగిలితే వారంలో వాసన చెప్పేస్తుంది. వచ్చిన సొన అప్పుడే అట్టు పోసేయండి, దాచకండి.

దారం కట్టడానికి అగ్గిపుల్లని సగానికి విరవండి. మధ్యలో దారం ముడి. పుల్లని నిలువుగా పెద్ద చిల్లిలోకి జారవిడిచి దారం పైకి లాగితే లోపల అడ్డం తిరిగి కూర్చుంటుంది. జిగురు అక్కర్లేదు.

ఖాళీ గుడ్డు రంగులో తేలుతుంది, కాబట్టి వీటిని ముంచే కన్నా పైన వేయడం సులువు. ఫెవికాల్ ఒక వంతు, నీళ్ళు రెండు వంతులు కలిపి పూసి, పూల పేపర్ నేప్‌కిన్ల పై పొర ఒక్కటే విడదీసి అంటించొచ్చు. ముక్కలు వేలిగోరంత ఉండాలి. పెద్ద ముక్క ఒంపు మీద ముడతపడుతుంది. నీలం వేసి తెల్ల ఎక్రిలిక్‌తో చుక్కల ముగ్గు పెట్టినా చక్కగా కుదురుతుంది. చుక్కలు ముందు నడుము చుట్టూ పెట్టుకుని పైకీ కిందకీ సాగాలి.

మైనంబొట్టు
ఖాళీ గుడ్ల దాకా వచ్చారు కాబట్టి ఉక్రెయిన్ వాళ్ళు మైనం గీతలతో రంగులేసే పిసంకా గుడ్ల గురించి చెప్పకపోతే లోటు. నేనుండేది కెనడాలో. ఆల్బర్టాలోని వెగ్రెవిల్‌లో 1975లో నిలబెట్టిన పెద్ద పిసంకా శిల్పం ఇప్పటికీ గాలికి తిరుగుతుంటుంది. ఉక్రెయిన్‌లో కొలొమియాలో ఏకంగా గుడ్డు ఆకారంలోనే మ్యూజియం ఉంది. 2024 డిసెంబరులో యునెస్కో ఈ కళని తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

పిసంకా అంటే 'రాసినది' అని. రంగుతో కాదు, మైనంతో రాస్తారు. బాతిక్ బట్ట పని తెలిసినవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. ఏ రంగు నిలవాలో దాన్ని మైనంతో మూసేసి తరవాతి రంగులో ముంచడం.

తెల్ల గుడ్డు మీద తెల్లగా ఉండాల్సిన గీతలన్నీ ముందు మైనంతో రాయాలి. పసుపు రంగులో ముంచు, ఆరబెట్టు. పసుపుగా ఉండాల్సినవి మైనంతో మూయి. నారింజలో ముంచు, మూయి. ఎరుపు, మూయి. చివర నలుపు. ఎప్పుడూ లేత నుంచి ముదురుకే. చివరికి గుడ్డు నల్లగా, మైనం గడ్డలు కట్టి అందవికారంగా ఉంటుంది. దాన్ని కొవ్వొత్తి మంట పక్కన పెట్టి, మైనం మెరవగానే మెత్తటి కాగితంతో తుడవండి. రంగులన్నీ ఒక్కో అంగుళం బయటపడతాయి. మంట పైన పెట్టారో మసి పట్టి తెలుపంతా బూడిద రంగవుతుంది, అది ఇక పోదు.

మైనం తేనెమైనమే కావాలి. అది 62–64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఆరాక కూడా పెంకుని గట్టిగా పట్టుకుంటుంది. మామూలు కొవ్వొత్తి మైనం పెళుసు, రంగులో నానినప్పుడు అంచులు లేచి రంగు కిందికి దిగుతుంది.

వాళ్ళు వాడే కలాన్ని కీస్త్కా అంటారు, పుల్ల చివర చిన్న రాగి గరాటు. అది లేకుండా చేసే పాత పద్ధతి ఉంది, పిల్లలకి అదే మేలు. పెన్సిల్ వెనక రబ్బరులో గుండుసూదిని మొన వైపు గుచ్చండి, తల బయటికి. తలని కరిగిన మైనంలో ముంచి గుడ్డు మీద ఆనిస్తే చుక్క. ఆనించి లాగితే చింతగింజకి తోక మొలిచినట్టు సన్నటి చార. ఆ ఒక్క ఆకారాన్ని చుట్టూ తిప్పితే పువ్వు, వరసగా పేరిస్తే వెన్ను, రెండు వైపులా పెడితే ఆకు. మైనం లేత గోధుమ రంగులోకి తిరిగేంత వేడి ఉండాలి. గుడ్డు మీద పడిన చుక్క తెల్లగా, పొక్కులా నిలబడితే వేడి చాలనట్టు. అది రంగులో ఊడుతుంది.

పిసంకా తినడానికి కాదు. ఉడికించిన గుడ్డు మీద అసలు వేయకండి, లోపల కుళ్ళుతుంది. వాళ్ళు పచ్చి గుడ్డు మీద వేసి ఏళ్ళ తరబడి లోపల ఎండనిస్తారు. మన ఎండలకి ఆ సాహసం వద్దు. రంగులన్నీ వేశాక ఖాళీ చేయండి, లేదా ముందే ఖాళీ చేసి చిల్లులు మైనంతో మూసి, రంగులో ముంచినప్పుడు చిన్న గ్లాసు అడుగుతో నొక్కిపట్టండి.

కోళ్ళఫారం
పచ్చి గుడ్డు అలా అట్టేపెట్టి అది పగిలితే ఇల్లు ఖాళీ చేయాల్సిందేనండి.

సండేస్కూల్_టీచర్
ఇది పెద్ద పిల్లలకి పెడతాను, ఆడపిల్లలు ఎనిమిది మంది ఉన్నారు. మొవ్వాకు గారూ, మట్టల ఆదివారానికి ఆకు సిలువలు చేయించాలని ఉంది. కొబ్బరాకుతో చేస్తే చినిగిపోతున్నాయి.

మొవ్వాకు
ముదురాకు చినుగుతుందమ్మా. మొవ్వులోంచి తీసిన లేత పసుపు ఆకు కావాలి, అది ఎటు మడిచినా వంగుతుంది. ఈనె తీసేసి వేలెడు వెడల్పు పేలికలు చేసి, తడిగుడ్డలో చుట్టి ఉంచండి. ఆరితే గంటలోనే బిరుసెక్కుతుంది. ఈత మట్ట అయితే మొనలు ముందే కత్తిరించండి, పిల్లల వేళ్ళకి దిగుతాయి.

సిలువకి రెండు పేలికలు: ఒకటి 30 సెం.మీ., ఒకటి 45. పొట్టిదాన్ని సగానికి మడిస్తే నిలువు కొయ్య. పొడుగుదాన్ని దాని వెనక, పైనుంచి మూడో వంతు దగ్గర, ఎడమవైపు నాలుగు వేళ్ళు మిగిలేలా పెట్టండి. కుడి కొసని ముందుకు తెచ్చి ఏటవాలుగా కింది నుంచి పైకి, వెనక్కి తిప్పి రెండో ఏటవాలు. ముందు ఇంటూ గుర్తు పడుతుంది. మిగిలిన కొసని ఎడమ చేతి పొడవుకి సరిపడా కుడివైపు మడిచి, వెనక ఇంటూ కిందికి దోపండి.

ఖాళీ సమాధి తోట కూడా పెట్టించండి. వెడల్పు మట్టి పళ్ళెంలో మూడు వేళ్ళ మందం మట్టి, చిన్న ముంత ఒకటి పక్కకి పడుకోబెట్టి పైన మట్టి కప్పితే గుహ. ముందు దొర్లించిన రాయి. రాత్రంతా నానిన మెంతులు, రాగులు చల్లి పలచగా మట్టి. నీడలో ఉంచి రోజుకి రెండుసార్లు నీళ్ళు చిలకరించాలి, పోస్తే గింజలన్నీ ఒక మూలకి కొట్టుకుపోతాయి. మెంతులు మూడో రోజుకి తలెత్తుతాయి. మార్చి 28న చల్లితే ఏప్రిల్ 5కి పచ్చగా ఉంటుంది. ఇంకా ముందు చల్లితే పొడుగ్గా సాగి వాలిపోతాయి.

సమాధుల తోటకి తెల్లవారుజామున వెళ్ళేవాళ్ళకి పెంకు దీపాలు బాగుంటాయి. అట్టు పోసుకున్న గుడ్ల పెంకులు, మూడొంతులు మిగిలేలా పగలగొట్టినవి, లోపలి పొర తీసి కడిగి ఆరబెట్టండి. పాత కొవ్వొత్తి ముక్కల్ని గిన్నెలో వేసి వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించాలి, నేరుగా పొయ్యి మీద పెడితే మంటంటుకుంటుంది. వత్తిని మైనంలో ముంచి నిలువుగా ఆరబెట్టి, పెంకులో నిలబెట్టి పోయండి. పై అంచుకి ఒక వేలు ఖాళీ ఉంచితే గాలికి కొంచెం ఆగుతుంది. నిలబెట్టడానికి అట్ట వాడకండి, అది మండుతుంది. ఇసుకలో గుచ్చండి.

తెల్లసొన
అసలు ముచ్చట మరిచిన్రు, ఎండ. ఉడికిన గుడ్డు బయట రెండు గంటలే, 32 డిగ్రీలు దాటితె గంటే. ఫ్రిజ్‌ల పెడితె వారం. పొద్దున ఆరాధన మూడు గంటలైతె గుడ్లు ఐస్ డబ్బాల ఉండాలె, చివరి పాట అప్పుడు తియ్యాలె. చూడనీకి పెట్టేటివి వేరు, తినేటివి వేరు పెట్టుకోండ్రి. పగుళ్ళొచ్చినయి రంగుల వెయ్యకుండ్రి, అదే రోజు కూర చేస్కోండ్రి.

ఎండ భయం లేకుండ కావాలంటె జీడిపప్పు మార్జిపాన్ గుడ్లు. విదేశాల బాదంతోని చేస్తరు, మన దిక్కు బేకరీలల్ల జీడిపప్పే. పావు కిలో జీడిపప్పు, పావు కిలో చక్కెర పొడి, ఒక చెంచా పన్నీరు (గులాబీ నీళ్ళు). పప్పు ఆపి ఆపి మిక్సీ పట్టాలె. ఒక్కటే తిప్పుడు తిప్పితె నూనె విడిచి ముద్ద జిడ్డైతది. పాకం పలచగ పట్టి, పప్పు పొడి వేసి, గిన్నె అంచు విడిచిందాక తిప్పి దించుండ్రి. చల్లారినంక ఉండ చేసి రంగు కలపాలె. 25 గ్రాముల చొప్పున ఇర్వై దాక వస్తయి.

సండేస్కూల్_టీచర్
నిన్న ఇంకో ఆరు వేశాను. వెనిగర్ గుడ్డతో తుడిచి, రంగు వడకట్టి, తిప్పుతూ ఉంచితే ఎరుపు ఒక్క మచ్చ లేదు. నీలం పది నిమిషాలకి పట్టింది. ఉల్లిపొట్టు గుడ్డు మీద మునగాకు అచ్చు మధ్యలో బాగుంది, ఒక అంచు మాత్రం చెదిరింది, మేజోడు వదులైనట్టుంది. మిగిలింది ఒక్కటే: ఫ్రిజ్‌లోంచి తీయగానే చెమటపట్టి ఇప్పటికీ కొంచెం రంగు అంటుతోంది.

చెంచా_లెక్క
కోస్తాలో ఆ చెమట తప్పదు. రంగులోంచి తీయగానే చన్నీళ్ళలో ఒక్క ముంచు ముంచండి, పట్టని రంగు అప్పుడే పోతుంది. పూర్తిగా ఆరాక, ఫ్రిజ్‌లో రాత్రంతా అయితే మంచిది, రెండు చుక్కల వంటనూనె అరచేతిలో రాసుకుని గుడ్డుని దొర్లించి పొడిగుడ్డతో తుడవండి. మెరుపొస్తుంది, నీటిబొట్టు పెంకు మీద నిలవదు. నూనె చివరి పని, దాని తరవాత రంగు వేయలేరు. బయటికి తీశాక తుడవకండి, ముట్టకండి, అట్టలోనే పది నిమిషాలు వదిలేస్తే చెమట దానంతటదే ఆరుతుంది.

60 గుడ్లూ శనివారం వేసుకోండి. కొన్న రంగులైతే ఉడకబెట్టడానికి రెండు గంటలు, రంగుకి మూడు. ఉల్లిపొట్టు, క్యాబేజీవి మాత్రం శుక్రవారం రాత్రి నానబెట్టాలి. నాలుగు గుడ్లు ఎక్కువ ఉడకబెట్టండి.

కోళ్ళఫారం
నాలుగు చాలవండి, ఎనిమిది. పిల్లలు శనివారమే మొనకి మొన ఆట మొదలుపెడతారు.